మోత

రెండు కట్టెలు తీసి
ఒకదాంతో ఒకటి కొట్టి వినేది మా అత్త హనుమక్క.
దప్ అంటే పచ్చి, పక్కన పెట్టు.
టంగ్ అంటే పొయ్యిలోకి.
ఆ రెండు మోతల నడుమ
ఎన్ని నెలలుంటాయో
నాకప్పుడు తెలీదు.

కుందుర్పి పక్క పల్లెకు కొత్తగా వచ్చినప్పుడు
వంకలో కంప కొట్టి
ఆ పొద్దే పొయ్యి కింద పెట్టినా.
కట్టె కొసన బుడబుడా నురగ.
ఇల్లంతా పొగ. సంగటి ఉడకలేదు.
మామ తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.
హనుమక్క మాత్రం కండ్లు తుడుచుకుంటా నవ్వింది:
"అది తాగిన నీళ్ళు ఇంగా మర్సిపోలేదు గదమ్మీ.
మర్సిపోయేదాకా ఆగల్ల."

కంప ముల్లు చెప్పును దాటి వస్తుంది.
కొమ్మ వంచి, మొదట్లో మచ్చుకొడవలి వేసి,
పొడుగువి అడుగున, వంకరవి పైన,
అంటించేదానికి పిడికెడు కందికట్టె మధ్యలో.
ఎత్తే మనిషి దొరక్కపోతే
మోపును గట్టుకు ఆనించి కింద నుంచి తల దూర్చల్ల.
లేచేటప్పుడు ఊపిరి పట్టు,
లేచినాక వదులు.
ఇదంతా ఎవరూ రాసిపెట్టలేదు
నా మెడ గుర్తు పెట్టుకునింది.

దొడ్లో నాలుగు రాళ్ళు, రాళ్ళ మీద దొంతి.
నేల తగిల్తే చెదలు.
గోడ తగిల్తే తేళ్ళు.
పచ్చిగా ఉండంగానే చీల్చల్ల, ఎండినాక గొడ్డలినే ఎగరేస్తుంది.
బెరడు పైకి పెట్టు, వానకు అదే కప్పు.
పెట్టి, దాని తట్టు చూడొద్దు.
చూస్తా ఉంటే ఎండదంట!
మా అత్త నిజంగా నమ్మేది ఈ మాట.
రోజుకు నాలుగుసార్లు పోయి చూసేది కూడా ఆమే.

మూడో బోరు కూడా దుమ్ము కక్కిన ఏడు
చీనీ తోట నిలబడే ఎండింది.
రెండు నూర్ల పది చెట్లు.
కట్టెల షేక్షావలి ట్రాక్టరు తెచ్చి
టన్ను లెక్కన ధర చెప్పినాడు.
తక్కువ చెప్పలేదు, ఎక్కువా చెప్పలేదు.
తిప్పేస్వామి గొడ్డలి పట్టుకోని
మొదటి చెట్టు దగ్గర శానాసేపు నిలబడినాడు.
బీడీ ముట్టించినాడు. ఆర్పినాడు.
మళ్ళీ అదే బీడీ ముట్టించినాడు.
నేనే పోయి గొడ్డలి తీసుకున్నా.

వేటు పడిన చోట లోపల పసుపుపచ్చ.
ఒక్క ఆకు లేని చెట్టు,
ఇంగా కాయ వాసన.

ట్రాక్టరు ఎక్కంగా మిగిలిన పన్నెండు చెట్ల కట్టె
నేనూ ఆడబిడ్డ మారెక్కా ఇంటికి మోసినాం.
ఎన్ని తిరుగుళ్ళో లెక్క పెట్టలేదు.
కంప మోపు గుచ్చుతుంది, చింత మోపు అణగదొక్కుతుంది.
చీనీ మోపు నున్నగా ఉంటుంది.
అదే కష్టమయ్యింది.

దొంతి పేర్చినాక
హనుమక్క రెండు తీసి కొట్టింది.
చెవి దగ్గర పెట్టుకొని మళ్ళీ కొట్టింది.
వినికిడి పోతాందని అప్పుడే తెలిసింది మాకు.
కట్టెలు నా చేతికిచ్చి
"నువ్వు ఇను" అనింది.

దప్.

రెండు ఎండాకాలాలు పోయినాయి.
గ్యాసు సిలిండరు వచ్చింది, టీకి అదే.
సంగటి మాత్రం కట్టెల మీదనే.
కంప అయిపోయినా, కందికట్టె అయిపోయినా
ఆ దొంతి జోలికి పోలేదు నేను.
అప్పుడప్పుడూ రెండు తీసి కొట్టేది, పెట్టేసేది.
కొసల్లో సన్న బీటలు పడినాయి,
బెరడు దానంతటదే ఊడింది,
చేతిలో బరువు తగ్గింది.

మొన్న తెల్లారుజామున కొడితే
టంగ్ అనింది.

పొగ లేదు. నురగ లేదు.
కాయ వాసన వస్తుందేమోనని
ముక్కు పెట్టి చూసినా
రాలేదు.
కుండలో పిండి బాగా ఉడికింది.
తిప్పేస్వామి వచ్చి పొయ్యి ముందర కూచున్నాడు.
"ఏం కట్టె ఇది, ఇంత బాగా మండుతాంది?"
"కంప" అన్నా.
తలకాయ ఊపినాడు.
ముద్ద పెట్టినా లేవకుండా
ఇంగొంచేపు అట్లే కూచున్నాడు,
చేతులు మంట తట్టు చాపి,
మేనెల ఎండలో.